డాక్టర్ సలహా: అత్తగారి నిద్రమాత్ర, మీ నుదుటి దెబ్బ

ప్రశ్న: నా వయసు 34. కూకట్‌పల్లిలో ఉంటాం. మావారివి నైట్ షిఫ్టులు. బాబుకు ఏడేళ్లు. రెండు నెలల కింద కెనడాకు చెందిన పాల్ బెర్నార్డో, కార్లా హొమోల్కా అనే భార్యాభర్తల కేసు ఫోన్‌లో విన్నాను. ఇద్దరూ కలిసి ఆడపిల్లల్ని చంపారు. చనిపోయినవాళ్లలో ఆమె సొంత చెల్లెలు కూడా ఉంది. అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మా అత్తయ్యగారు వాడే అల్ప్రాజొలామ్ గోలీ మొదట సగం వేసుకునేదాన్ని, ఇప్పుడు ఒకటి వేసుకుంటున్నాను. జలుబు చేస్తే సిరప్ కూడా తాగుతాను. గోలీ వేసుకోని రోజు దడ, చెమటలు. మొన్న తెల్లవారుజామున బాత్రూమ్‌కు లేచి పడ్డాను. నుదుటికి తగిలింది, రెండు కళ్ల కిందా నల్లబడింది, అదే తగ్గిపోతుంది లెండి. నా ప్రశ్న ఏమిటంటే, భర్త పిచ్చి భార్యకు అంటుకుంటుందా? అన్ని ఘోరాలు చేసిన ఆమెకు పన్నెండేళ్ల శిక్షే ఎలా పడింది? ఆమెది జబ్బా? నా మెదడులో కూడా ఏమైనా తేడా వస్తోందా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఓపీ మధ్యలో చదివాను. కెనడా సంగతి తర్వాత చూద్దాం. "అదే తగ్గిపోతుంది లెండి" అని మీరు దాటేసిన ముక్క దగ్గర నేను ఆగిపోయాను.

నుదుటికి దెబ్బ తగిలితే చర్మం కింద చేరిన రక్తం ఒకటి రెండు రోజుల్లో మెల్లగా కిందికి దిగి కళ్ల చుట్టూ నల్లగా కనిపిస్తుంది. చాలామందిలో అంతకు మించి ఏమీ ఉండదు. కానీ పుర్రె అడుగు భాగంలో ఎముక చిట్లినా సరిగ్గా ఇలాగే రెండు కళ్లూ నల్లబడతాయి. రెండింటికీ తేడా ఉత్తరం చదివి చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఎవరైనా డాక్టరు మిమ్మల్ని కళ్లారా చూసి, స్కానింగ్ కావాలో వద్దో తేల్చాలి. ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలా కారుతున్నా, వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా ఓపీ టైమ్ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అందాకా ముక్కు గట్టిగా చీదకండి. ఇంకో చిక్కు ఉంది. తలకు దెబ్బ తగిలినవాళ్లు మగతగా ఉంటే మేం కంగారు పడతాం. మీరు రోజూ రాత్రి మగత వచ్చే మందు వేసుకుంటున్నారు. రేపు మీరు లేవకపోతే అది గోలీ వల్లో, దెబ్బ వల్లో ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది?

అసలు ఎందుకు పడ్డారు? నా అనుమానం ఆ గోలీ మీదే. దానితో తెల్లవారుజామున లేచినప్పుడు కాళ్లు తేలిపోతాయి, అడుగు తడబడుతుంది. పైన జలుబు సిరప్. చాలా జలుబు సిరప్‌లలో నిద్ర తెప్పించే మందు ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో నల్లమందు జాతికి చెందిన కోడీన్ ఉంటుంది. అల్ప్రాజొలామ్, కోడీన్ ఒకేసారి పడితే ఊపిరి మందగిస్తుంది. అంతా అయ్యాక పొద్దున బాబును స్కూటీ మీద స్కూల్లో దింపుతున్నారేమో, మీరు రాయలేదు, నాకు మాత్రం ఆ ఆలోచన వచ్చింది.

ఈ గోలీ విషయంలో కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. అత్తయ్యగారికి ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఆవిడైనా ఇంకా వాడాలా? ఇవేవీ మీకు తెలియవు. గోలీల షీటు ఒకసారి తిప్పి చూడండి. ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు పేషెంటు పేరు, డాక్టరు పేరు మెడికల్ షాపువాళ్లు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. "అత్తయ్య గోలీలు అయిపోయాయి, ఇంకో షీటు ఇవ్వన్నా" అంటే ఇచ్చేస్తున్నారంటే తప్పు ఆ షాపుది, మీది, అప్పుడప్పుడు మా డాక్టర్లది కూడా. పది రోజులకు రాసిన చీటీ మీద పదేళ్లు నడిపినవాళ్లను నేను చూశాను.

చిన్న గోలీయే కదా అని తీసిపారేయకండి. మన దగ్గర కల్తీ కల్లులో కలుపుతూ ఎక్కువగా పట్టుబడుతున్నవాటిలో ఈ మందు ఒకటి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు ఉన్నట్టుండి మూతపడితే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం బారులు తీరారు. చేతుల వణుకు, పొంతన లేని మాటలు, కొందరికి ఫిట్స్. అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే అలాగే అవుతుంది. మీరు రాసిందే మళ్లీ చదువుకోండి. దడ, చెమటలు కేసు విన్న రోజు వస్తున్నాయని మీరు రాయలేదు. గోలీ వేసుకోని రోజు వస్తున్నాయని రాశారు. అంటే రెండు నెలల్లోనే మీ ఒళ్లు దాన్ని అడగడం మొదలుపెట్టి ఉండవచ్చు. మెదడులో తేడా అని మీరు భయపడుతున్నది ఇదే కావచ్చు. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పెంచవద్దు, సిరప్‌తో కలపవద్దు. ఎంత తగ్గించాలో, ఎన్ని వారాల్లో తగ్గించాలో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. దడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు, ఆ పరీక్షలు చేయించండి. నెలసరి తప్పి ఉంటే ఆ మాట అందరికంటే ముందు చెప్పండి.

ఇప్పుడు ఆ కేసు. మీరు హంతకుల గురించి విన్నారు, నాకు అందులోనూ నిద్రమాత్రే కనబడుతుంది. 1990 డిసెంబరులో కార్లా చెల్లెలు చనిపోయింది, పదిహేనేళ్ల పిల్ల. తాగే దాంట్లో నిద్రమాత్రల పొడి కలిపారు. కార్లా పశువుల ఆసుపత్రిలో పనిచేసేది. అక్కణ్నుంచి ఎత్తుకొచ్చిన హాలోథేన్ అనే మత్తుమందు కూడా ఇచ్చారు. ఆ మత్తులో పిల్లకు వాంతి అయింది, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని అప్పట్లో తేల్చేశారు.

ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాలని ఎందుకు పోరుతామో తెలుసుగా, ఇందుకే. మెలకువలో ఉన్న మనిషికి పొరపోతే దగ్గుతాడు, కక్కుతాడు. మత్తులో ఉన్నవాడికి ఆ కాపలా ఉండదు. కిందటి నెల ఒకావిడ హెర్నియా ఆపరేషన్‌కు వచ్చి, ఏమీ తినలేదని మూడుసార్లు చెప్పింది. టేబుల్ ఎక్కే ముందు ఆవిడ కొంగు మీద చట్నీ మరక చూసి మా మత్తు డాక్టరు ఆపేశారు. "రెండిడ్లీలే కదా సార్" అంది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేశాం. ఆవిడకు నా మీద ఇంకా కోపమే.

మత్తు ఇచ్చేవాడి కన్ను ఊపిరి మీదే ఉండాలన్న పాఠం కోసం కొట్లాడిన ఊరు మనది. 1888, 1889లలో, అప్పటి మత్తుమందు క్లోరోఫామ్‌తో మనుషులు ఎలా చనిపోతున్నారో తేల్చడానికి హైదరాబాద్‌లో క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. ఆరో నిజాం డబ్బు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్. గుండె కంటే ముందు ఊపిరి ఆగుతుందని ఆయన వాదన. అది అన్నివేళలా నిజం కాదని, క్లోరోఫామ్ గుండెను నేరుగా కూడా ఆపగలదని తర్వాతివాళ్లు తేల్చారు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న మాట మాత్రం ఇప్పటికీ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో నడుస్తోంది. మీ బెడ్రూమ్‌లో మీ ఊపిరిని కనిపెట్టేవాళ్లెవరు? ఆయన నైట్ షిఫ్ట్, బాబు ఏడేళ్లవాడు.

భర్త పిచ్చి భార్యకు అంటుకుంటుందా అన్నారు. ఒకరి భ్రమను పక్కనే ఉన్న రెండోవారు కూడా నమ్మేయడం అనే జబ్బు ఒకటి ఉంది. 1877లోనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు దాని గురించి రాశారు. ఎవరో చంపడానికి వస్తున్నారని ఒకరంటే రెండోవారు తలుపులు బిగించుకోవడం లాంటిది. విడదీస్తే రెండోవారు చాలాసార్లు తేరుకుంటారు. ఇది అరుదు. కెనడా జంటది ఇది కాదు. వాళ్లలో ఎవరికీ మతి స్థిమితం లేదని కోర్టు చెప్పలేదు. విచారణలో ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. ఆమెను చూసిన మానసిక వైద్యుల్లో కొందరు దెబ్బలు తిని లొంగిపోయిన భార్య అన్నారు. ఆ మాటకు ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నేను ఆమెను పరీక్షించలేదు, మానసిక వైద్యుణ్ణీ కాను, అంతకు మించి మాట్లాడను.

పన్నెండేళ్లే ఎందుకంటే, 1993లో ప్రభుత్వ లాయర్ల దగ్గర హత్యల విషయంలో భర్త మీద గట్టి సాక్ష్యం లేదు. మన దగ్గర అప్రూవర్‌గా మారడం అంటాం చూడండి, దాదాపు అలాంటి ఒప్పందం కుదిరింది. అతని మీద సాక్ష్యం చెబుతానని ఒప్పుకుని, హత్య కంటే తక్కువ నేరానికి ఆమె శిక్ష తీసుకుంది. వాళ్ల నేరాలు వాళ్లే తీసుకున్న వీడియో టేపుల్లో ఉన్నాయి. పోలీసులు వారాల తరబడి ఇల్లు గాలించినా ఆ టేపులు దొరకలేదు. భర్త తరఫు లాయరు వాటిని తీసి దాదాపు ఏడాదిన్నర తన దగ్గరే ఉంచుకున్నాడు. అవి 1994లో బయటపడేసరికి ఒప్పందం అయిపోయింది. టేపుల్లో ఆమె పాత్ర చూసి కెనడా జనం మండిపడ్డారు. అప్పటికి చేతిలో ఉన్న సాక్ష్యాన్ని బట్టి ఒప్పందం సబబేనని 1996లో ఒక జడ్జి విచారించి చెప్పారు. అతనికి 1995 సెప్టెంబర్ 1న యావజ్జీవం పడింది, ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఆమె 2005లో విడుదలైంది.

నన్ను ఇంకా కలవరపెట్టేది ఒకటుంది. వేరే అత్యాచారాల కేసులో అతని నుంచి 1990 నవంబరులోనే నమూనాలు తీసుకున్నారు. ల్యాబ్‌లో డీఎన్ఏ సరిపోలిందని తేలింది 1993 ఫిబ్రవరిలో. ఈ మధ్యలో ముగ్గురు ఆడపిల్లలు పోయారు. రిపోర్టు తెచ్చి బీరువాలో చీరల కింద పెట్టే నా పేషెంట్లు గుర్తొస్తారు.

మళ్లీ మీ కళ్ల దగ్గరికి వస్తాను. 1993 జనవరిలో కార్లా రెండు కళ్లూ నల్లబడి పనికి వచ్చింది. కారు యాక్సిడెంట్ అని చెప్పింది. తోటివాళ్లు నమ్మక ఆమె పుట్టింటికి కబురు పెట్టారు. భర్త టార్చిలైటుతో కొట్టిన దెబ్బలవి. మా ఓపీలో బాత్రూమ్‌లో పడ్డామని చెప్పే ఆడవాళ్లలో ఎక్కువమంది నిజంగా పడ్డవాళ్లే, కొందరు కాదు. మీరు పడ్డారనే నేను నమ్ముతున్నాను, గోలీ ఉంది కాబట్టి కారణం కూడా కనిపిస్తోంది. అయినా ఈ దెబ్బ ఎవరు చూపించుకున్నా మేం అడగాలి, అదీ పక్కన ఇంట్లోవాళ్లు లేనప్పుడు అడగాలి. డాక్టరు మీవారిని కాసేపు బయట కూర్చోమంటే మీరూ, ఆయనా తప్పుగా అనుకోవద్దు. పడింది కాకపోతే ఆ గదిలోనే చెప్పేయండి. లేదంటే ఆడవాళ్ల సహాయ నంబరు 181కి ఫోన్ చేయవచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే భరోసా కేంద్రం కూడా నగరంలో ఉంది.

నిద్రకు మందు లేని దారులున్నాయి. పడుకునే టైమ్, లేచే టైమ్ మారకుండా చూసుకోవడం, మధ్యాహ్నం తర్వాత టీ మానడం, ఫోన్ ఇంకో గదిలో పెట్టడం. ఆ కేసులు వినొద్దని నేను చెప్పినా మీరు వింటారు, కనీసం పగలు వినండి, వంట చేస్తూ వినండి. భయం వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. ఇవన్నీ చూడకుండా చెప్పిన సాధారణ సలహాలే, మిమ్మల్ని చూసిన డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే వినండి.

ఉత్తరం మీరు ఎప్పుడు రాశారో, ఈ జవాబు మీ కంట ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇంకా చూపించుకోకపోయి ఉంటే ఈరోజే వెళ్లండి. గోలీల షీటు, ఆ సిరప్ సీసా, అత్తయ్యగారి పాత చీటీ సంచిలో వేసుకోండి. స్కూటీ మీద వెళ్లకండి, ఆటో ఎక్కండి.