పగిలిందా, పగులు పడిందా?

సందేహం: నేను హైదరాబాద్‌లో ఎం.టెక్. చదువుతున్నాను. నా ప్రాజెక్టు గురించి తెలుగులో రెండు పేజీల వ్యాసం రాయమన్నారు. ‘గర్తయుత లోహాంగములలో శ్రాంతి విదర వృద్ధి యొక్క సంఖ్యాత్మక నమూనీకరణ’ అని పేరు పెట్టాను. మా నాన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. క్రాక్, ఫెటీగ్, నాచ్, మోడల్ – వీటికి సరైన తెలుగు మాటలేవి?

సమాధానం: మీ నాన్నగారికి అర్థం కాలేదంటే తప్పు ఆయనది కాదు, ఆ మాటలది. క్రాక్‌కి పగులు అనే చక్కటి మాట ఉండగా విదరం ఎందుకండీ? అయితే పగులు వాడేటప్పుడు ఒకటి చూసుకోవాలి. కుండ పగిలింది అంటే ఇక మిగిలేవి పెంకులే (తెలంగాణలో పలిగింది అంటాం, అదే మాట). కుండకు పగులు పడింది అంటే మాత్రం నీళ్లు కారుతున్నా కుండ ఇంకా నిలిచే ఉంది. గోడ బీట వారింది, నేల నెర్రెలిచ్చింది అన్నా అంతే. పైగా ఇనప కడ్డీ రెండు ముక్కలైతే మనం పగిలింది అనం, విరిగింది అంటాం. తీగైతే తెగింది అంటాం. బాలానగర్‌లో లేత్ మీద పనిచేసేవాళ్లు కూడా షాఫ్ట్‌కి క్రాక్ వచ్చింది అని ఒకటి, షాఫ్ట్ విరిగింది అని ఒకటి, రెండూ వేరుగానే అంటారు. మీ ప్రాజెక్టంతా పగులు పడటానికీ విరగడానికీ మధ్య ఉన్న కాలం గురించే కదా, ఈ తేడా చెరిగిపోతే చెప్పాల్సిన విషయమే పోతుంది.

‘పగుళ్ల పెరుగుదల’ అని కూడా రాయకండి, పగుళ్లు ఎక్కువయ్యాయని చదువుతారు. మీరు చెప్పేది ఒకే పగులు పొడవవడం. పగులు పాకడం అనండి. సాగడం వద్దు, లోహం సాగడం వేరే గుణం.

ఫెటీగ్‌కి శ్రాంతి అనగానే విశ్రాంతి గుర్తొస్తుంది, అలసట మేలు. తీగను అటూ ఇటూ పదేపదే వంచి తెంపినవాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే: ఒక్కసారి వంచితే తెగని తీగ అన్నిసార్లు వంచితే తెగుతుంది. కాకపోతే మనిషి అలసట నిద్రపోతే తీరుతుంది, లోహంలో పడిన పగులు ఎంత ఊరుకోబెట్టినా పూడదు, ఈ ముక్క మొదటి పేరాలోనే చెప్పేయండి. అరుగుదల అనకండి, అది రాపిడి వల్ల వచ్చేది.

గర్తం అంటే గుంట. నాచ్‌కి గాటు చాలు. గాటు పెట్టాం అంటే కావాలని, గాటు పడింది అంటే పొరపాటున. రెండూ మీకు కావాల్సినవే. గాటు దగ్గర ప్రతిబలం, అంటే లోహం లోపల ఇంత వైశాల్యానికి ఇంత అని పడే బలం, పేరుకుంటుంది (స్ట్రెస్‌కి ఇంటర్ పుస్తకాల్లో ఉన్న ఈ మాటే ఉంచండి, ఒత్తిడి అంటే మనసులోని టెన్షన్ అనుకుంటారు). వెడల్పాటి రేకుకు చిన్న గుండ్రటి చిల్లు పెట్టి లాగితే చిల్లు అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుంది, గాటు మొన తేలినకొద్దీ ఇంకా పెరుగుతుంది.

ల్యాబ్‌లో లాగి చూసే లోహపు ముక్కా నమూనాయే, కంప్యూటర్‌లో కట్టిందీ నమూనాయే అంటే పాఠకుడు తికమకపడతాడు. ముక్కను నమూనా అనండి, రెండోదాన్ని మోడల్ అనే ఉంచేయండి.

పేరు ఇలా మార్చి చూడండి: ‘గాటున్న లోహపు భాగాల్లో అలసట వల్ల పగులు ఎలా పాకుతుంది? – కంప్యూటర్ లెక్క’. లోపల పారిస్ సూత్రం అని రాసేచోట అది ఊరి పేరు కాదని, 1963లో ఎర్డోగాన్‌తో కలిసి దాన్ని ప్రచురించిన పాల్ పారిస్ పేరని, బరువు పడి తొలగే ఒక్కో విడతకు పగులు ఎంత పాకుతుందో అది చెబుతుందని ఒక వాక్యం కలపండి.