పాస్‌వర్డ్ కరెక్టే, ఔట్‌లుక్కే పాతది: ముందు పీఎస్టీ ఫైల్ కాపీ తీయండి

మీరు అడిగింది ఇదీ: హిమాయత్‌నగర్‌లో నాన్నగారి ఆడిట్ ఆఫీసు, విండోస్ 7 మీద ఔట్‌లుక్ 2010. జీమెయిల్ పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ మళ్లీ అడుగుతోంది. అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌లో మాత్రం తెరుచుకుంటోంది. కొత్త ఔట్‌లుక్ కొనాలా, సిస్టమ్ ఫార్మాట్ చేయించాలా?

రెండూ వద్దు. పాస్‌వర్డ్ మార్చి చూడటం కూడా ఆపండి. ఉట్టి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపే ప్రోగ్రాముల్ని గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ అకౌంట్లలోకి రానివ్వడం లేదు. హాట్‌మెయిల్, ఔట్‌లుక్ డాట్ కామ్ అకౌంట్లకు మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16న ఆ దారి మూసేసింది. ఇప్పుడు ఇద్దరూ అడిగేది ఓఆథ్2. అంటే మెయిల్ ప్రోగ్రామ్ మీ పాస్‌వర్డ్ దాచుకోదు. గూగుల్ తన సొంత లాగిన్ విండో తెరుస్తుంది, మీరు అందులో లాగిన్ అయి ఒప్పుకుంటే ప్రోగ్రామ్‌కి ఒక టోకెన్ ఇస్తుంది. ఔట్‌లుక్ 2010కి ఇది చేతకాదు. దాని సపోర్ట్ 2020 అక్టోబర్ 13తోనే అయిపోయింది కాబట్టి ఇక నేర్పే అప్‌డేట్ కూడా రాదు.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది అంటారా? ఎవరో ఒకప్పుడు అందులో యాప్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటారు, అంటే ఓఆథ్2 రాని ప్రోగ్రాముల కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్. గూగుల్ దాన్ని ఇంకా ఒప్పుకుంటుంది. గూగుల్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్‌ని మీరు మార్చిన క్షణం పాత యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఈ మధ్య ఆఫీసులో ఎవరైనా జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చారేమో అడగండి. చాలాచోట్ల కారణం అక్కడే దొరుకుతుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. లాగిన్ సమస్య గంటలో తీరుతుంది. మెయిల్స్ పోతే మాత్రం తిరిగి రావు. రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో అచ్చం మీ సమస్యే వచ్చింది. పిలిపించిన టెక్నీషియన్ రెండుసార్లు పాస్‌వర్డ్ కొట్టి చూసి, "విండోస్ కరప్ట్ అయింది సార్, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. డాక్యుమెంట్స్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టాడు. ఔట్‌లుక్ మెయిల్స్ అన్నీ దాచుకునే పీఎస్టీ ఫైల్ దాదాపు 9 జీబీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా పట్టదు. ఫైల్ చాలా పెద్దదని మెసేజ్ వస్తే అతను స్కిప్ నొక్కాడు. మిగతావన్నీ చక్కగా కాపీ అయ్యాయి. ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ల పేర్లన్నీ కనిపించాయి, ఫార్మాట్ కొట్టేశాడు. డిస్క్ ఎస్‌ఎస్‌డీ కావడంతో రికవరీ సాఫ్ట్‌వేర్‌కీ ఏమీ చిక్కలేదు, ఎందుకంటే ట్రిమ్ అనే పని చెరిపిన బ్లాకుల్ని నిజంగానే ఖాళీ చేసేస్తుంది. ఏళ్ల తరబడి పార్టీలు పంపిన ఆర్డర్లు, రేట్ల ఒప్పందాలు, పాత నోటీసులకు ఇచ్చిన జవాబులు అన్నీ పోయాయి. అది పాప్ అకౌంట్, అంటే మెయిల్స్‌ని కంప్యూటర్‌లోకి దించుకునే రకం, పైగా దించుకున్న మెయిల్‌ని సర్వర్ నుంచి తీసేసే సెట్టింగ్‌తో ఉంది. కొత్త విండోస్‌లోనూ పాస్‌వర్డ్ మళ్లీ అడిగింది, అడగక ఏం చేస్తుంది!

ప్రతిదానికీ ఫార్మాట్ మందు కాదు. ఆ మాట అన్నవాణ్ని కుర్చీలోంచి లేపేయండి.

కాబట్టి మొదటి పని ఇది. ఔట్‌లుక్ 2010లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, డేటా ఫైల్స్ ట్యాబ్‌కి వెళ్లి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. అక్కడ కనిపించే పీఎస్టీ ఎంత సైజో రాసుకోండి. ఔట్‌లుక్ మూసేయండి, టాస్క్ మేనేజర్‌లో ఇంకా నడుస్తుంటే అక్కడా ఆపండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే ఫైల్ సరిగ్గా రాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫార్మాట్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, సైజు బైట్లతో సహా సరిపోయిందో చూడండి. ఒకటికి మించి పీఎస్టీలు ఉంటే అన్నీ తీయండి; ఆడిట్ ఆఫీసుల్లో ఏడాదికొకటి చొప్పున ఆర్కైవ్ ఉండటం మామూలే.

రెండోది, తాత్కాలిక దారి. గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేస్తేనే యాప్ పాస్‌వర్డ్స్ పేజీ పనిచేస్తుంది. అది మెనూల్లో ఎదురుగా కనబడదు, అకౌంట్ పేజీ సెర్చ్‌లో యాప్ పాస్‌వర్డ్స్ అని కొట్టండి. 16 అక్షరాలు ఇస్తుంది, మధ్యలో ఖాళీలు లేకుండా ఔట్‌లుక్‌లో పెట్టండి. పంపే సర్వర్‌కీ ఇదే పాస్‌వర్డ్ వాడేలా మోర్ సెట్టింగ్స్‌లో అవుట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్‌లో టిక్ ఉండాలి. ఇది మర్చిపోతే మెయిల్స్ వస్తాయి కానీ వెళ్లవు, ఎర్రర్ వస్తుంది. హాట్‌మెయిల్ అకౌంట్లకు ఈ ఉపాయం ఇప్పుడు పనిచేయదు.

టూ స్టెప్‌కి ఏ ఫోన్ నంబర్ ఇస్తున్నారో జాగ్రత్త. ఆఫీసు మెయిల్‌కి మానేసి వెళ్లిన అకౌంటెంట్ నంబర్ ఉండటం, జీఎస్టీ రిటర్న్ ఆఖరి రోజున ఓటీపీ అతని ఫోన్‌కి పోవడం ఈ ఊళ్లో కొత్త సంగతి కాదు. నాన్నగారి నంబర్ పెట్టండి. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. మానిటర్‌కి అతికించొద్దు.

యాప్ పాస్‌వర్డ్‌తో ఆగిపోకండి. అది టూ స్టెప్‌ని దాటేసి లోపలికి వెళ్లే పాస్‌వర్డ్. సపోర్ట్ లేని ప్రోగ్రామ్‌లో, సపోర్ట్ లేని విండోస్ మీద దాన్ని శాశ్వతంగా ఉంచకూడదు. "లెస్ సెక్యూర్ యాప్స్ ఆన్ చేయండి" అని చెప్పే పాత యూట్యూబ్ వీడియోల్ని నమ్మొద్దు, ఆ స్విచ్చే ఇప్పుడు లేదు. జీమెయిల్ కస్టమర్ కేర్ నంబర్ అని గూగుల్‌లో వెతకొద్దు. ఎత్తినవాడు ఎనీడెస్క్ (మీ సిస్టమ్‌ని దూరం నుంచి నడిపే యాప్) పెట్టమంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు మార్పు థండర్‌బర్డ్, ఔట్‌లుక్ బదులు వాడే మెయిల్ ప్రోగ్రామ్. ఉచితం, జీమెయిల్‌కి ఓఆథ్2 2015 నుంచే ఉంది. విండోస్ 7 మీద 115 వెర్షన్ వరకే నడుస్తుంది, అది కూడా మీ పనికి చాలు. ఔట్‌లుక్ విండోస్‌లోని టీఎల్ఎస్ (సర్వర్‌తో మాటల్ని రహస్యంగా ఉంచే పద్ధతి) మీద ఆధారపడుతుంది, విండోస్ 7లో టీఎల్ఎస్ 1.2 మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. థండర్‌బర్డ్ తన సొంత టీఎల్ఎస్ తెచ్చుకుంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. అయితే ఆ మెషిన్‌ని మార్చే ఆలోచన వాయిదా వేయకండి, క్లయింట్ల పాన్, బ్యాంక్ వివరాలు అందులో ఉన్నాయి.

థండర్‌బర్డ్‌లో పేరు, మెయిల్ ఐడీ ఇచ్చి ఐమ్యాప్ (మెయిల్స్‌ని సర్వర్‌లోనే ఉంచి చూపించే రకం) ఎంచుకోండి, పాప్ వద్దు. గూగుల్ విండో వస్తుంది, లాగిన్ అయి అలో నొక్కండి. తర్వాత ఒకసారి సరిచూడండి: వచ్చే మెయిల్‌కి ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 993, ఎస్ఎస్ఎల్, వెళ్లే మెయిల్‌కి ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 465, ఎస్ఎస్ఎల్. రెండుచోట్లా ఆథెంటికేషన్ మెథడ్ ఓఆథ్2 అనే ఉండాలి. పాత థండర్‌బర్డ్‌ని అప్‌డేట్ చేసేవాళ్లు తప్పేది ఎక్కువగా వెళ్లే సర్వర్ దగ్గరే, అది అకౌంట్ సెట్టింగ్స్‌లో అట్టడుగున విడిగా ఉంటుంది. అప్‌డేట్‌కి ముందు ప్రొఫైల్ ఫోల్డర్ (థండర్‌బర్డ్ మెయిల్స్, సెట్టింగ్స్ ఉండే చోటు) కాపీ తీయండి, కొత్త వెర్షన్ ముట్టుకున్న ప్రొఫైల్‌ని పాత వెర్షన్ తెరవనంటుంది.

గూగుల్ విండో తెల్లగా ఉండిపోతే లేదా కుకీలు ఆఫ్‌లో ఉన్నాయంటే, థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు అనుమతించండి. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే గడియారం చూడండి. పాత సిస్టమ్‌లలో మదర్‌బోర్డ్ మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి గూగుల్ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు, అందుకే తిరస్కరిస్తుంది. ఆ బిళ్ల బ్యాటరీ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనే కాదు, వీధి చివర వాచ్ షాపులోనూ దొరుకుతుంది. గడియారం సరిగ్గానే ఉంటే యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఆపి చూడండి, అది మధ్యలో తన సర్టిఫికెట్ దూరుస్తుంది.

పాత మెయిల్స్ తేవడానికి థండర్‌బర్డ్‌లో టూల్స్, ఇంపోర్ట్ ఉంది. ఔట్‌లుక్ అదే మెషిన్‌లో డీఫాల్ట్ మెయిల్ ప్రోగ్రామ్‌గా ఉండాలి, రెండూ ఒకే బిట్‌వి కావాలి. మీ ఔట్‌లుక్ 32 బిట్ అయితే థండర్‌బర్డ్ కూడా 32 బిట్‌దే దించుకోండి. ఇంకో దారి, యాప్ పాస్‌వర్డ్‌తో ఔట్‌లుక్‌లోనే జీమెయిల్‌ని ఐమ్యాప్‌గా కలిపి పాత ఫోల్డర్లను అందులోకి లాగడం. గూగుల్ ఐమ్యాప్‌లో రోజుకి 500 ఎంబీ వరకే ఎక్కించనిస్తుంది, ఉచిత అకౌంట్ మొత్తం 15 జీబీ. అందుకే కొన్ని ఫోల్డర్ల చొప్పున, ఆగి ఆగి చేయండి. ఎక్కించాక రెండువైపులా మెయిల్స్ లెక్క సరిపోయిందో చూడనిదే పీఎస్టీలోంచి ఏదీ తీసేయొద్దు.

అంతా కుదిరాక గూగుల్ పేజీలో ఆ యాప్ పాస్‌వర్డ్‌ని రద్దు చేయండి. ఎక్కడైనా ఆగితే అకౌంట్ పాపా ఐమ్యాపా, పీఎస్టీ సైజెంత, తెర మీద వచ్చిన ఎర్రర్ నంబర్ ఏమిటి, ఈ మూడూ కింద రాయండి.