అర్జీలో పట్టని మాటలు

ప్రశ్న: మీ నవలలన్నీ శ్రీశైలం ముంపు ఊళ్ల చుట్టూనే తిరుగుతాయి. అసలు రాయడం ఎలా మొదలైంది? మా అత్తగారిదీ ముంపు ఊరే. ఆమె చెప్పే సంగతులు నవలగా రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: నేను మొదట రాసినవి కథలు కావమ్మా, అర్జీలు. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్లు కృష్ణ ఒడ్డునున్న మా ఊరి మీదికొచ్చాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లది అదే గతి. మిద్దెలు విప్పి, దూలాలూ వాకిళ్లూ బండ్లకెత్తుకుని మావాళ్లు ఆత్మకూరు చేరారు. 1986లో 98 జీవో వచ్చింది. ముంపు కుటుంబంలో ఒకరికి సర్కారు ఉద్యోగమన్నారు. అప్పుడు నేను ఇంటర్. చేతిరాత బాగుంటుందని పేరు. సాయంత్రమైతే చాలు, తెల్లకాగితాలు పట్టుకుని మా అరుగు నిండా జనం.

అర్జీకి కావలసింది సర్వే నంబరు, ఎకరాలు, బావి, చెట్లెన్ని అన్నదే. చెప్పేవాళ్లు అక్కడితో ఆగుతారా? "చింతచెట్టు ఒకటి" అని నేను రాస్తుంటే ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "తూర్పు కొమ్మ కాయ తియ్యగుంటాది పాపా, అది గూడా రాయి" అంది. కలెక్టరు గారికి పంపే కాగితంలో ఆ మాట ఎక్కడ పెట్టేది? ఆ రాత్రి లెక్కల నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను. అది అలవాటైపోయింది. అర్జీలో పట్టని మాటలన్నీ ఆ నోట్సులోకి చేరాయి, నా మొదటి నవల అందులోంచే వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ఇప్పటికీ తిరుగుతున్నవాళ్లున్నారు. అందుకే నాకు ఈ విషయం పాతబడదు.

శాఖా గ్రంథాలయంలో వారపత్రికల సీరియళ్లు వదలకుండా చదివాను. వాక్యం ఎలా నడవాలో వాటి వల్లే తెలిసింది.

ప్రేరణ అంటారా, వేసవిలో రిజర్వాయరు తగ్గగానే సంగమేశ్వరం వెళతాను. నీళ్లు దిగితే గుడి బయటపడుతుంది, లోపల వేపమొద్దు లింగం. దర్శనం చేసుకుని, మా వైపు బురదలో తేలిన పునాదుల వెంట పెద్దవాళ్లతో నడుస్తాను. ఇది వంటిల్లు, ఇది పశువుల కొట్టం అని వాళ్లు కాలితో గీత గీసి చూపిస్తారు. ఒక్కోసారి ఆ గీత దగ్గరే ఇద్దరికి గొడవ. ఆ గొడవ నాకు ఒక అధ్యాయానికి సరిపోతుంది.

మీ అత్తగారి కథ నీళ్లొచ్చిన రోజుతో మొదలుపెట్టకండి. అంతకుముందు పొద్దున్నే లేచి ఏ పని చేసేవారో, బావి ఎంత దూరమో, కడవ ఎవరు ఎత్తిపెట్టేవారో అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆమె "ఉంటాది" అంటే "ఉంటుంది" అని దిద్దకండి. ట్రంకుపెట్టెలో పాత నోటీసులు, పట్టాలు ఉంటే తీయించండి. కాగితం చేతికొస్తే మరిచిన పేర్లు వాటంతటవే వస్తాయి. మొదటి పది పేజీలు కాగానే పత్రిక చిరునామాకు పంపండి, తప్పకుండా చదువుతాను.