ఆన్‌లైన్ ఆటలు ఆర్మ్ ల్యాప్‌టాప్‌లలో నడవాలా? నడవాలనే అంటాను

"ఆర్మ్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌లు వాడేవారు కొద్దిమందే కదా, వారి కోసం ఆన్‌లైన్ ఆటల కంపెనీలు మళ్లీ ఖర్చు పెట్టాలనడం న్యాయమేనా?" అని కొందరు అడిగారు. ఆర్మ్ అంటే ఫోన్లలో ఉండే, తక్కువ కరెంటుతో నడిచే చిప్ రకం, ఇంటెల్, ఏఎండీ చిప్‌లకు భిన్నమైనది. ఇక ప్రశ్నకు నా జవాబు: న్యాయమే. ఒంటరిగా ఆడుకునే ఆటల కంటే ఆన్‌లైన్ ఆటలకే ఈ బాధ్యత ఎక్కువ అని కూడా అంటాను. అది నాకు మా మేనల్లుడి వల్ల తెలిసివచ్చింది.

వాడిది గాజువాక, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కిందటి వేసవిలో ద్వారకానగర్‌లో వాడికి ఆర్మ్ ల్యాప్‌టాప్ కొనిపెట్టింది నేనే. విశాఖ ఉక్కపోతలో ఒళ్లో పెట్టుకున్నా పెద్దగా వేడెక్కదు, కరెంటు పోయినా సాయంత్రం దాకా ఛార్జింగు నిలుస్తుంది. కాలేజీ పనులన్నీ చక్కగా సాగాయి. ఇంటర్‌లో కలిసి చదివిన నలుగురు స్నేహితులు ఇప్పుడు నాలుగు ఊళ్లలో ఉన్నారు, ఆదివారం రాత్రి ఒక ఆటలో కలుసుకుంటారు. "మామయ్యా, ఆట ఇన్‌స్టాల్ అయింది కానీ తెరవగానే మూసుకుపోతోంది" అని వాడు ఫోను చేశాడు. రెండు ఆదివారాలు వెళ్లి కూర్చున్నాను. ఫలితం లేదు.

కారణం ఇది. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం తయారైన ప్రోగ్రాములను ఆర్మ్ చిప్‌కు అర్థమయ్యేలా మార్చే ఎమ్యులేటర్ విండోస్‌లోనే ఉంది. 2024లో విండోస్ 11తో వచ్చిన కొత్త ఎమ్యులేటర్ పేరు ప్రిజమ్. అది మామూలు ప్రోగ్రాములను మారుస్తుంది గానీ కెర్నల్‌లోకి, అంటే విండోస్ గుండెకాయలోకి, వెళ్లే డ్రైవర్లనే ప్రోగ్రాములను మార్చదు. డ్రైవర్ ఆర్మ్ కోసమే కంపైల్ అయి, అంటే ఆ చిప్ భాషలోకి మారి, ఉండాలి. పోటీ ఆటలలో మోసగాళ్లను పట్టుకునే యాంటీ చీట్ చాలాచోట్ల ఇలాంటి డ్రైవరే. మిగతా ఆటంతా నడవగలిగినా, కాపలా లేదని ఆట లోపలికి రానివ్వదు. ఒంటరిగా ఆడే ఆట నడవకపోతే ఎమ్యులేటర్‌ను మెరుగుపరిచి ఎవరో ఒకరు నడిపించగలరు. ఇక్కడ అలా కుదరదు. యాంటీ చీట్‌ను బయటివారు తప్పించి నడిపితే అదే మోసమవుతుంది, ఖాతా పోతుంది. తాళంచెవి తయారీదారు చేతిలో మాత్రమే ఉన్నప్పుడు "మీరు కొద్దిమందే" అనే జవాబు నాకు సరిపోదు. మా వాడు పాకెట్ మనీ కూడబెట్టి కొన్న వేషాలు, ఆయుధాలు ఆ ఖాతాలోనే ఉండిపోయాయి.

అయితే ఇది ఒక్క మీట నొక్కితే అయ్యే పని అనేవారితోనూ ఏకీభవించను. నేను రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తాను. మా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామును ఆర్మ్‌కు మార్చిన బృందంలో ఉన్నాను. కంపైల్ చేయడం ఒక మధ్యాహ్నంలో ముగిసింది. ఆ తరువాత ఒకే ఒక్క తప్పు మూడు వారాలు తినేసింది. ఒక థ్రెడ్, అంటే ప్రోగ్రాములో మిగతా వాటితో పాటు ఒకేసారి నడిచే ఒక పని, ముందు డేటా రాసి, తరువాత 'సిద్ధం' అని గుర్తు పెడుతుంది. ఇంటెల్ చిప్‌లో మిగతా థ్రెడ్లకు ఆ రెండూ రాసిన వరుసలోనే కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. మనమే ప్రత్యేకంగా చెప్పకపోతే గుర్తు ముందు కనిపించి, డేటా ఇంకా పాతదే ఉండవచ్చు. ఎన్నో వందల సార్లలో ఒకసారి మాత్రమే ప్రోగ్రాము కూలిపోయేది. తప్పు మా కోడ్‌లో ఎన్నేళ్లుగానో ఉంది, పాత చిప్‌లో బయటపడలేదు, అంతే. అందుకే ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న స్టూడియోలను నేను నిలదీయను.

పెద్ద సంస్థల సంగతి వేరు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నాటి ఆట. 2020 నవంబరులో ఆర్మ్ రకానికే చెందిన ఎం1 చిప్‌తో ఆపిల్ మ్యాక్‌లు అమ్మకానికి వచ్చిన వారంలోనే అది ఆ చిప్ మీద ఎమ్యులేటర్ లేకుండా నడిచింది. యాంటీ చీట్ కూడా అసాధ్యం కాదు: ఈజీ యాంటీ చీట్ అనే తన యాంటీ చీట్‌ను ఆర్మ్ విండోస్‌కు తెస్తున్నట్లు ఆటల సంస్థ ఎపిక్ 2025లో ప్రకటించింది. ఎమ్యులేటర్ల మీద శాశ్వతంగా ఆధారపడటమూ కుదరదు. పాత మ్యాక్ ప్రోగ్రాములను నడపడానికి 2006లో ఇంటెల్ మ్యాక్‌లతో పాటు వచ్చిన మొదటి రోసెట్టా అనే ఎమ్యులేటర్‌ను ఆపిల్ 2011లో లయన్ అనే మ్యాక్ వెర్షన్‌తో తీసేసింది.

వెంటనే చేయలేని కంపెనీలు కనీసం ఆట అమ్మే పేజీలో, డబ్బు కట్టే మీటకు పైనే, "ఆర్మ్ విండోస్‌లో నడవదు" అని రాయాలి. దానికి ఇంజినీర్లు అక్కర్లేదు.

మీరు ఇప్పుడు ల్యాప్‌టాప్ కొనబోతుంటే, మీ ఆటలో కెర్నల్ యాంటీ చీట్ ఉందేమో ముందే చూసుకోండి. కొన్నాక వాపసు గడువు ముగిసేలోపు మొదట ఆ ఆటే ఇన్‌స్టాల్ చేయండి. నడవకపోతే చిప్ పేరు, విండోస్ వెర్షన్, వచ్చిన సందేశం యథాతథంగా రాసి కంపెనీకి పంపండి. "సపోర్ట్ ఇవ్వండి" అనే ఒక్క ముక్క కంటే అది వాళ్ల ఇంజినీర్లకు పనికొస్తుంది. నేను పంపిన దానికి "ప్రస్తుతానికి అలాంటి ఆలోచన లేదు" అని జవాబు వచ్చింది. మూడు నెలలకోసారి మళ్లీ రాస్తున్నాను. అప్పటిదాకా మా వాడు ఆదివారం రాత్రులు నా పాత ఇంటెల్ ల్యాప్‌టాప్‌ను గోడ పక్కన ఛార్జర్‌కు తగిలించి ఆడుకుంటున్నాడు.