చెవిలో ఈల ఆగడం లేదు

ప్రశ్న: నా వయసు 27. రోజుకు ఏడెనిమిది గంటలు ఇయర్‌ఫోన్స్‌తోనే పని. రాత్రి పడుకోగానే చెవుల్లో సన్నగా ఈల వినిపిస్తోంది. గుబిలి అనుకుని రోజూ కాటన్ బడ్‌తో తీస్తున్నాను. అయినా తగ్గట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ బడ్ పారేయండి. గుబిలి చెవికి కాపలా. తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. బడ్ పెడితే ఇంకా లోపలికి, కర్ణభేరి వైపు వెళ్తుంది. గుబిలి గట్టిపడి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రోజూ చెవులు శుభ్రం చేసుకునేవాళ్లే.

ఇక ఈల సంగతి. ఒక్కో లోపలి చెవిలో, నత్తగుల్లలాంటి భాగంలో, శబ్దాన్ని పట్టే సుమారు 15,000 సన్నని రోమకణాలుంటాయి. పెద్ద శబ్దానికి అవి దెబ్బతింటే ఇలా ఈల వినిపించొచ్చు; చచ్చిపోతే మళ్లీ పుట్టవు. 27 ఏళ్లకే ఈ మాట రాశారంటే నాకు బెంగగా ఉంది. 85 డెసిబెల్స్ శబ్దానికి రోజుకు 8 గంటలు హద్దు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే! వాల్యూమ్ తగ్గించండి, గంటకోసారి చెవులకు విశ్రాంతినివ్వండి. ఈ వారమే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి.

ఎప్పుడైనా ఒక చెవి హఠాత్తుగా వినిపించడం మానేస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. స్టెరాయిడ్ చికిత్సకు తొలి రోజులే కీలకం.