కనుమ నాడు కదలొచ్చా?

ప్రశ్న: సంక్రాంతికి అమలాపురంలో చుట్టాలింటికి వస్తున్నాం. జగ్గన్నతోట ప్రభల తీర్థం పిల్లలకు చూపించాలని ఉంది. ఏ వేళకు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి? కనుమ నాడు ప్రయాణమేమిటని మా అత్తగారు గొడవ.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కోనసీమలో మాత్రం ఆ రోజు శివుడే గుడి వదిలి బయల్దేరతాడు. అత్తగారినీ బండెక్కించండి.

ముందు ఒక మాట. ఇక్కడ తీర్థమంటే జాతర. జగ్గన్నతోటలో గుడి ఉండదు. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులో ఉన్న కొబ్బరితోట అది. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి, ఈ పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద ఊరేగుతూ వచ్చి అక్కడ కలుస్తారు. వీళ్లనే ఏకాదశ రుద్రులంటారు. ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరుడిది, పెద్దరికం వ్యాఘ్రేశ్వరుడిది. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే అప్పటికే దిగిన ప్రభలన్నిటినీ మర్యాదగా ఒక్కసారి పైకి లేపుతారు. ఆ క్షణం దొరకాలంటే భోజనాలయ్యాక బయల్దేరితే లాభం లేదు. పదకొండింటికల్లా తోటలో ఉండండి. ప్రభలు మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కటే వస్తాయి, పొద్దుగూకే వేళకు తిరుగుముఖం పడతాయి.

ప్రభ అంటే వెదురుతో కట్టిన ఎత్తయిన చట్రం. దానికి రంగురంగుల గుడ్డలు చుట్టి, వరికంకుల కుచ్చులు, గంటలు కట్టి, నడుమ ఉత్సవ విగ్రహాన్ని ఉంచుతారు. కిందనున్న వాళ్లు భుజాల మీద మోస్తుంటే, పక్కలనున్న వాళ్లు తాళ్లు పట్టుకుని ఒరగకుండా నిలుపుతారు. గాలి వీస్తే ఆ గుడ్డంతా తెరచాపే. ఒకవైపు తాడు వదులైనా, మలుపులో మోసేవాళ్ల అడుగు తప్పినా ప్రభ అటే వాలుతుంది. కాబట్టి తాళ్లవాళ్లకూ ప్రభకూ మధ్యన దూరకండి. ఫొటో కోసం అసలే వద్దు. పిల్లల్ని భుజాలకెక్కించుకుని వెనక వరసలో నిలబడితే చాలు, చూడాల్సింది ఎలాగూ పైనే ఉంటుంది.

తోటకంటే మాకు నచ్చేది కౌశిక కాలవ దగ్గర. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు పచ్చని వరిచేల మీదుగా వచ్చి, ఆ నీళ్లలో దిగి ఇవతలికి దాటతాయి. ‘అశ్శరభ శరభ’ అని అరుస్తూ లోతు నీళ్లలో తడబడకుండా మోయడం మాటల్లో చెబితే అందేది కాదు. చేను తొక్కారని రైతు గొడవపడడు, స్వామి నడిచాడంటాడు. అయితే కౌశికా తోటా రెండూ పిల్లలతో కుదరవు, ఒకటి ఎంచుకోండి. గట్టు అంతా జిగటమన్ను, తొక్కిడికి జారుతుంది. అంచున నిలబడొద్దు.

కారు అంబాజీపేటలోనే ఆపి ఆటోలోనో నడిచో వెళ్లండి. కాలవగట్ల దారులు సన్నం. ఎదురుగా ప్రభ వస్తే వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు. కనుమ గదా, తిరుగు బస్సు మీద ఆశ పెట్టుకోకండి. అన్నం మూట కట్టుకెళ్లండి. ఖమ్మం నుంచి రైల్లో వస్తే రాజమండ్రిలో దిగాలి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి పండగ టికెట్లకు నవంబరు మధ్యలోనే కాపు కాయాలి. కనుమకు సెలవు దొరక్కపోతే సంక్రాంతి నాడే కొత్తపేటలో ప్రభలు చూడొచ్చు.

ప్రశ్న: నిరుడు చూసిన తేదీకే అంతర్వేది తీర్థానికి వెళితే రథం అప్పటికే అయిపోయింది. ఎందుకలా?
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: సంక్రాంతి సూర్యుడి లెక్క, అందుకే జనవరిలో ఒకటి రెండు రోజులకు మించి జరగదు. అంతర్వేది చంద్రుడి లెక్క. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఆ ఏకాదశి 2024లో ఫిబ్రవరి 20, 2025లో ఫిబ్రవరి 8, 2026లో జనవరి 29. ఏటా పది పన్నెండు రోజులు ముందుకు జరుగుతూ, అధికమాసం వచ్చాక ఒక్కసారి దాదాపు మూడు వారాలు వెనక్కిపోతుంది. తేదీ కాదు, తిథి రాసిపెట్టుకోండి.

నరసాపురం నుంచి పంటు (బల్లకట్టు) మీద వసిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరడం దగ్గర దారే. కానీ సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలో నీళ్లు తగ్గి పంటు ఇసుకమేటల దగ్గర ఇబ్బంది పడుతుంది, తీర్థం నాడు క్యూ సరేసరి. కారైతే పాలకొల్లు, చించినాడ వంతెన, మలికిపురం మీదుగా చుట్టు తిరిగి రండి. అన్నాచెల్లెళ్ల గట్టు చూడండి గానీ అక్కడ స్నానానికి దిగకండి. నదీ కడలీ కలిసే చోట పాటు నీరు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది.

ప్రశ్న: కార్తికంలో ఒక్కరోజులో పంచారామాలు అవుతాయా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: గోదావరి వైపున్నవి నాలుగే: సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం. ఐదోది అమరావతి, కృష్ణ ఒడ్డున. ఐదూ ఒక్కరోజులో ముగించాలంటే తెల్లవారకముందే మొదలుపెట్టాలి, అదీ దర్శనం తక్కువ, పరుగు ఎక్కువ. నాలుగైతే హాయి. సామర్లకోటలో మొదలుపెట్టి, మధ్యాహ్నం తలుపులు మూసేలోగా ద్రాక్షారామం ముగించి, మూసి ఉన్న ఆ వేళలో కోనసీమ దాటేయండి. సాయంత్రానికి మిగతా రెండూ అందుతాయి. సోమవారం మానండి. తుఫాను కబురుంటే వారం వాయిదా వేయండి, కార్తికం నెలంతా ఉంది. భీమవరం సోమేశ్వరుడు పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు ముదురు రంగులో కనిపిస్తాడంటారు. తెల్లని లింగమే చూడాలనుకుంటే మాత్రం పౌర్ణమి రద్దీకి సిద్ధపడి వెళ్లాలి.