రెండో జేక్వెరీ

చిన్నా,

రెయిల్స్‌తో కట్టిన ఆ పాత వెబ్ అప్లికేషన్‌లో జావాస్క్రిప్ట్ ఫైళ్ల వరుస సరిచేసే పని నువ్వే అడిగి తీసుకున్నావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎవరూ ముట్టుకోని పని. గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బ్రౌజర్ కన్సోల్‌లో మొట్టమొదటి ఎర్రర్ చదువు, మిగతావి చాలావరకు దాని పిల్లలే. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ముందు, దానికి తగిలించే ప్లగిన్లు తర్వాత, నీ కోడ్ చివర. స్క్రిప్ట్ ట్యాగ్‌కు డిఫర్ పెడితే వరుస తప్పదు. ఎసింక్ పెడితే ఏది ముందు దిగితే అది ముందు నడుస్తుంది. ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకేసారి కలిపే రిక్వైర్ ట్రీ ఇచ్చే వరుసను నమ్ముకోకు, ముందు కావాల్సినవి పేరుపెట్టి పైన రాసుకో.

ఇక నా బుద్ధితక్కువ పని విను. 2011లో రెయిల్స్ 3.1తో, స్క్రిప్టులన్నీ కలిపి పంపే అసెట్ పైప్‌లైన్ వచ్చిన కొత్తలో, మా ఫారంలో తేదీ ఎంచుకునే క్యాలెండర్ తెరుచుకోవడం మానేసింది. 'డేట్‌పికర్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్' అంటుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే ప్లగిన్ ఫైలు శుభ్రంగా దిగింది, 200, అంటే అంతా సరే అని. ప్లగిన్ వెర్షన్లు మార్చాను. వరుస అటూ ఇటూ తిప్పాను. చివరికి సిగ్గు విడిచి సెట్ టైమౌట్ పెట్టి అర సెకను ఆగి పిలిచాను. ఊహూఁ.

మూడో రోజు విసుగొచ్చి కన్సోల్‌లో జేక్వెరీ వెర్షన్ అడిగితే, మేం వాడేది కాకుండా ఇంకేదో అంకె వచ్చింది! వ్యూ సోర్స్ తీసి వెతికాను. పేజీ అడుగున, ఒక స్లైడర్ కోసం ఎక్కడి నుంచో కాపీ కొట్టిన ముక్కతో పాటు రెండో జేక్వెరీ. క్యాలెండర్ మొదటిదానికి అతుక్కుని ఉంది. రెండోది వచ్చి, కోడ్‌లో జేక్వెరీని పిలిచే డాలర్ గుర్తును లాగేసుకుంది. దానికి క్యాలెండర్ ఊసే తెలీదు. ఎంత ఆగి పిలిస్తే అంత ఖాయంగా ఆ రెండోదే పలుకుతుందని నాకు తట్టలేదు. అందుకే చెప్తున్నా, సెట్ టైమౌట్ జోలికి వెళ్లావంటే ఊరుకోను.

ఆ ముక్క అతికించింది ఎవరనుకున్నావ్? నేనే, వారం ముందు. ఈలోగా పక్క సీటు కుర్రాణ్ణి అనుమానించి ఒక మాట కూడా అనేశాను. తప్పు నాదని చెప్తే నవ్వి, "ట్యాగ్ మీరే తీసేయండి మేడమ్" అన్నాడు.

నువ్వెవర్నీ ఏమీ అనకు నాన్నా, ముందు వెతుకు. డెవలప్‌మెంట్‌లో బాగుందని సంబరపడకు, జనం వాడే ప్రొడక్షన్ మోడ్‌లో ఒకసారి నడిపి చూడు. శుక్రవారం సాయంత్రం మాత్రం డిప్లాయ్ చేయకు.

పేజీలో జేక్వెరీ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, ఆ అంకె నాకు మెసేజ్ పెట్టు. రాత్రి పన్నెండైనా సరే, మెలకువగానే ఉంటాను.

పిన్ని